రీకాల్ లెటర్ వచ్చిన బండితో అరకు ఘాట్ ఎక్కొచ్చా?

తమ్ముడూ, ముందు నువ్వడిగిన దానికి సూటిగా చెప్పేస్తాను. వచ్చే ఆదివారం ఆ బండి అరకు తీసుకెళ్లొద్దు. ఎందుకు వద్దంటున్నానో వివరంగా రాస్తాను, కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదువు.

మిగతావాళ్లకీ అర్థమవ్వాలి కాబట్టి నీ ప్రశ్న రెండు ముక్కల్లో చెప్తాను. నీది వైజాగ్ ఎంవీపీ కాలనీ, ఎనిమిది నెలల క్రితం బెంగళూరులో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో టూ సీటర్ టర్బో పెట్రోల్ స్పోర్ట్స్ కారు కొన్నావు, డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ (గేర్లు, క్లచ్ బండే చూసుకుంటుంది), ఇంకా కేఏ నంబర్ మీదే ఉంది. మొన్న ఆ పాత ఓనర్ కంపెనీ నుంచి వచ్చిన రీకాల్ లెటర్, అంటే బండిలో లోపం ఉంది, తెస్తే సరిచేస్తాం అని వెనక్కి పిలిచే లెటర్, వాట్సాప్‌లో పంపించాడు, అందులో "వేగం తగ్గుతున్నప్పుడు కొన్ని పరిస్థితుల్లో ఇంజిన్ ఆగిపోవచ్చు, ఇంజిన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయించుకోండి" అని ఉంది. ఆ బ్రాండ్‌కి మన వైజాగ్‌లో సర్వీస్ సెంటర్ లేదు, హైదరాబాద్ వెళ్లాలి. మీ ఫ్రెండేమో "సాఫ్ట్‌వేరే కదా, ఫోన్ అప్‌డేట్ లాంటిదే, తీరిగ్గా చేయించుకోవచ్చు" అన్నాడు. మూడు వేల కిలోమీటర్లు తిరిగినా నీకు ఒక్కసారి కూడా ఏమీ అవ్వలేదు, అందుకని నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని అరకు వెళ్లొచ్చాక చూద్దాం అనుకుంటున్నావు. అంతే కదా.

నేను ఇరవై రెండేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను, మొదట గాజువాక ఆటోనగర్‌లో చేతులు నల్లగా చేసుకుని ఇంజిన్లు దింపాను, తర్వాత పదమూడేళ్లుగా స్కానర్, ల్యాప్‌టాప్ పట్టుకుని ఎలక్ట్రానిక్స్ పనే. మీ ఫ్రెండ్ అన్న ఆ మాట నేను వారానికి ఒకసారైనా వింటాను. విన్న ప్రతిసారీ భయమేస్తుంది.

పాత బళ్లలో యాక్సిలరేటర్ కింద ఒక తీగ ఉండేది, తొక్కితే ఆ తీగే వెళ్లి థ్రాటిల్, అంటే ఇంజిన్‌కి గాలి వెళ్లే దారి, తెరిచేది. నీ బండిలో ఆ తీగ లేదు. నీ కాలికి, ఇంజిన్‌కి మధ్య ఉన్నదంతా సాఫ్ట్‌వేరే. పెడల్‌లో రెండు సెన్సార్లు ఉంటాయి, రెండూ వేరే వేరే వోల్టేజ్‌లో ఒకే సంగతి చెప్తాయి, ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, ఆ రెండిటినీ పోల్చి చూసుకుని పెట్రోల్ ఎంత, గాలి ఎంత, స్పార్క్ ఎప్పుడు అని సెకనుకి ఎన్నోసార్లు లెక్కేస్తుంది. ఆ లెక్కలో తప్పుంటే అది స్క్రీన్ హ్యాంగ్ అవ్వడం లాంటిది కాదు, పిస్టన్ విరిగినంత సీరియస్. కంటికి కనిపించదు కాబట్టి మనం చిన్నదనుకుంటాం.

ఇప్పుడు నీ లెటర్‌లో ఉన్న "వేగం తగ్గుతున్నప్పుడు" అనే మాట దగ్గర ఆగు, అసలు విషయమంతా అక్కడే ఉంది.

నువ్వు పరుగులో ఉండగా యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే ఇంజిన్‌కి పెట్రోల్ పూర్తిగా ఆగిపోతుంది, ఇది లోపం కాదు, కావాలనే అలా చేస్తారు, చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతుంటాయి కాబట్టి పెట్రోల్ అక్కర్లేదు. వేగం తగ్గేకొద్దీ ఆర్‌పీఎం, అంటే ఇంజిన్ తిరిగే వేగం, పడుతూ వస్తుంది, ఐడిల్‌కి (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరిగే వేగానికి) కొంచెం పైన ఉండగానే ఈసీయూ మళ్లీ పెట్రోల్ ఇవ్వడం మొదలుపెట్టాలి, అదే టైమ్‌కి గేర్‌బాక్స్ క్లచ్ వదిలేస్తుంది, ఇంక ఇంజిన్ తన కాళ్ల మీద తను నిలబడాలి. అంటే పెట్రోల్ రావడం, క్లచ్ వదలడం ఈ రెండూ కలిసి జరగాలి. సాఫ్ట్‌వేర్ ఆ పెట్రోల్ ఇవ్వడంలో కాస్త లేటైందనుకో, ఇంజిన్ టక్కున ఆగిపోతుంది. మామూలుగా అవ్వదు. ఏసీ కంప్రెసర్ అప్పుడే ఆన్ అవ్వడం, స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉండటం, ఇంజిన్ బాగా వేడెక్కి ఉండటం, ఇలాంటివి రెండు మూడు ఒకేసారి కలిస్తే అవుతుంది.

నీకు మూడు వేల కిలోమీటర్లలో ఎందుకు అవ్వలేదో అర్థమైందా? నువ్వు తిరిగింది బీచ్ రోడ్డు మీద, రుషికొండ మీదుగా భీమిలి దాకా, లేదంటే ఎన్‌హెచ్ 16 మీద. అక్కడ ఆ పరిస్థితి అరుదు. అదే అరకు దారి చూడు, ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కాక అనంతగిరి, గాలికొండ వైపు, మళ్లీ తిరిగొచ్చేటప్పుడు దిగుడంతా ఏం చేస్తాం, కాలు తీసెయ్యడం, మలుపు దగ్గర పదిహేను ఇరవైకి తగ్గించడం, స్టీరింగ్ పూర్తిగా తిప్పడం, మళ్లీ కొంచెం యాక్సిలరేటర్, మళ్లీ కాలు తీసెయ్యడం. లెటర్‌లో రాసిన పరిస్థితిని గంటసేపు వరసగా వందలసార్లు మనమే తెచ్చిపెడతాం. పైగా ఎదురుగా ఆర్టీసీ బస్సు, పక్కన లోయ, పొద్దున పూట మంచు. అందుకే వద్దంటున్నాను.

ఇది నేను పుస్తకం చూసి చెప్తున్నది కాదు. కొన్నేళ్ల క్రితం ఒక కస్టమర్ బండి, కంపెనీ పేరు వద్దులే, ఇదే రకం కంప్లైంట్. ఎప్పుడో ఒకసారి ఆగిపోతోంది అంటాడు, వర్క్‌షాప్‌కి తెస్తే ఏమీ ఉండదు. చివరికి ల్యాప్‌టాప్ ఓబీడీ పోర్ట్‌కి (బండి కంప్యూటర్‌ని చదివే సాకెట్‌కి) తగిలించి, ఒళ్లో పెట్టుకుని, ఆయన పక్కన నేను కూర్చుని కైలాసగిరి ఎక్కి దిగాం. రెండుసార్లు ఏమీ అవ్వలేదు. మూడోసారి దిగుతుంటే మలుపు దగ్గర నా స్క్రీన్ మీద ఆర్‌పీఎం 1100, 900, 640, తర్వాత సున్నా. అంతే. చప్పుడు లేదు, కుదుపు లేదు, డాష్‌బోర్డ్‌లో లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి. ఆయన కంగారుపడి బ్రేక్ తొక్కి వదిలి, తొక్కి వదిలి చేస్తున్నాడు, మూడోసారికి పెడల్ రాయిలా అయిపోయింది. "వదలకండి సార్, తొక్కి అలాగే పట్టుకోండి" అని అరిచాను, రెండు కాళ్లతో తొక్కాడు, పక్క గోడకి రెండడుగుల దూరంలో ఆగింది. దిగాక ఆయన చేతులు వణుకుతూనే ఉన్నాయి, పావుగంట రోడ్డు పక్కనే కూర్చున్నాం. అప్పటికి ఆ మోడల్‌కి అప్‌డేట్ వచ్చి నాలుగు నెలలైంది, ఆయనకి మెసేజ్ కూడా వచ్చింది, చూసి వదిలేశాడు.

బ్రేక్ రాయిలా ఎందుకయ్యిందంటే, బ్రేక్ తేలిగ్గా పడటానికి బూస్టర్ అనే డబ్బాలో వాక్యూమ్ కావాలి, ఇలాంటి బళ్లలో అది ఇంజిన్ నడుస్తుంటేనే తయారవుతుంది. ఇంజిన్ ఆగాక బూస్టర్‌లో నిల్వ ఉన్నది రెండు మూడు తొక్కుళ్లకే వస్తుంది, తర్వాత కూడా బ్రేక్ పనిచేస్తుంది కానీ నీ కాలి బలమంతా పెట్టాలి. ఈ ఒక్క సంగతి ఇంట్లో అందరికీ చెప్పు, స్పోర్ట్స్ కారే కాదు, చాలా పెట్రోల్, డీజిల్ కార్లకి పనికొస్తుంది.

"ఇదంతా అరుదు కదా అన్నా" అంటావేమో. అరుదే. సాఫ్ట్‌వేర్ లోపాల స్వభావమే అది. 2016లో జనరల్ మోటార్స్ ప్రపంచం మొత్తం మీద 40 లక్షలకి పైగా బళ్లు రీకాల్ చేసింది, అందులో కార్వెట్ స్పోర్ట్స్ కారు కూడా ఉంది. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ చాలా అరుదుగా టెస్ట్ మోడ్‌లోకి వెళ్లిపోయేది, సరిగ్గా ఆ టైమ్‌లో గుద్దుకుంటే ముందు ఎయిర్‌బ్యాగులు తెరుచుకోవు, బెల్టు బిగించే ప్రీటెన్షనర్లు కూడా పనిచెయ్యవు. ఎంత అరుదో ఆలోచించు, అయినా ఒక ప్రాణం పోయిందని కంపెనీయే చెప్పింది. 2021 జూలైలో పోర్షే తన టైకాన్ ఎలక్ట్రిక్ కార్లు 43 వేల దాకా వెనక్కి పిలిచింది, నడుస్తుండగా మోటార్‌కి పవర్ పోయే అవకాశం ఉందని, అక్కడా పార్టులు మార్చలేదు, వర్క్‌షాప్‌లో సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించారు. 2020 మోడల్ కార్వెట్‌లో ముందు డిక్కీ మూత పరుగులో ఉండగా తెరుచుకునే ప్రమాదం ఉందని రీకాల్ చేస్తే దానికీ సాఫ్ట్‌వేరే మందు, మూత సరిగ్గా పడకపోతే బండి 42 కిలోమీటర్ల వేగం దాటకుండా కట్టేశారు. ఇంత పెద్ద కంపెనీలు ఊరికే పరువు పోగొట్టుకోవుగా, పిలిచారంటే కారణం ఉందనే అర్థం.

అలాగని భయపడి బండి అమ్మేసుకోనక్కర్లేదు. రీకాల్ వచ్చిందంటే కంపెనీ తప్పు కనిపెట్టింది, దానికి మందు తయారైంది అని. నా లెక్కలో రీకాల్ పని పూర్తయిన బండి, అసలు రీకాల్ రాని బండి కంటే నమ్మకమైనది. అమ్మేటప్పుడు కూడా ఆ కాగితం విలువే వేరు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సిన పని. ముందు ఆ లెటర్ నీ బండికేనా అని తేల్చుకో, ఒకే మోడల్‌లో కొన్ని నెలల్లో తయారైన వాటికే వర్తించొచ్చు. నీ ఆర్‌సీ మీద ఉన్న చాసిస్ నంబర్, 17 అక్షరాలు అంకెలు కలిపి ఉంటుంది, అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీష్ అక్షరాలు ఉండవు, కాబట్టి గుండ్రంగా కనిపించేది సున్నానే, చాలామంది ఓ అని కొట్టి "మీ బండి రీకాల్‌లో లేదు" అని వస్తే సంతోషపడిపోతారు. అద్దం కింద మూలన, డోర్ పిల్లర్ మీద కూడా అదే నంబర్ ఉంటుంది, ఆర్‌సీతో సరిపోల్చుకో. ఆ నంబర్ కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టు, కస్టమర్ కేర్‌కి మెయిల్ కూడా పెట్టు. ఫోన్ చెయ్యొచ్చు కానీ మెయిల్ తప్పనిసరి, రాతలో ఉండాలి.

అదే మెయిల్‌లో ఓనర్ మారాడని, నీ అడ్రస్, నంబర్ ఇదీ అని రాసెయ్. ఇది చాలామంది చెయ్యరు. కంపెనీ దగ్గర ఉండేది మొదట కొన్నవాడి అడ్రసే, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకి లెటర్లు రావు. నీ అదృష్టం, బెంగళూరాయన మంచివాడు కాబట్టి పంపించాడు.

డబ్బులు పైసా కట్టొద్దు. మన దేశంలో 2012 నుంచి కంపెనీలు తమంతట తామే రీకాల్ చేసే పద్ధతి ఉండేది, 2019లో మోటారు వాహనాల చట్టం మార్చినప్పుడు 110ఏ సెక్షన్ తెచ్చారు, 2021 ఏప్రిల్ 1 నుంచి రూల్స్ అమల్లోకి వచ్చాయి. రీకాల్ రిపేరు ఖర్చు కంపెనీదే, దిగుమతి చేసి అమ్మేవాళ్లకీ ఇది వర్తిస్తుంది, ప్రభుత్వం ఆదేశించినా చెయ్యకపోతే కోటి రూపాయల దాకా జరిమానా ఉంది. ఏడేళ్లలోపు బళ్లకి ఆ రూల్స్ వర్తిస్తాయి, లోపం గురించి ఓనర్లే నేరుగా కంప్లైంట్ పెట్టుకోవడానికి ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో వీలుంది. సర్వీస్ అడ్వైజర్ ఎవరైనా "మీరు సెకండ్ ఓనర్, మాకు సంబంధం లేదు" అంటే ఒప్పుకోకు, రీకాల్ బండితో వస్తుంది, మనిషితో కాదు. వారంటీ అయిపోయినా సరే.

హైదరాబాద్ ఆరొందల కిలోమీటర్ల పైనే. నడుపుకుంటూ వెళ్లొద్దు, ఫ్లాట్‌బెడ్ (బండిని మీదెక్కించుకుని తీసుకెళ్లే లారీ) మీద పంపు. మెయిల్‌లోనే అడుగు, "మీ లెటర్ ప్రకారం ఇంజిన్ ఆగిపోయే ప్రమాదం ఉంది, మా ఊళ్లో మీ సర్వీస్ సెంటర్ లేదు, బండి తీసుకెళ్లే ఏర్పాటు మీరే చెయ్యండి" అని. చాలాసార్లు ఒప్పుకుంటారు, అడగనివాళ్లకి మాత్రం ఎవరూ ఇవ్వరు. లేదంటే టెక్నీషియన్‌నే ల్యాప్‌టాప్‌తో పంపుతారేమో కూడా అడుగు. ఫ్లాట్‌బెడ్ అయితే బండి కింద తక్కువ ఎత్తు కాబట్టి పొడవాటి ర్యాంప్ ఉన్నదే మాట్లాడు, బెల్టులు చక్రాలకే వెయ్యమను, సస్పెన్షన్‌కి కట్టనివ్వొద్దు, ఎక్కించే ముందు నాలుగు వైపులా వీడియో తీసుకో.

ఇంకోటి, నాకు అన్నిటికంటే అనుమానంగా ఉన్నది ఇదే. బెంగళూరు నుంచి వచ్చిన స్పోర్ట్స్ కారు, టర్బో, కుర్రాళ్ల చేతిలో ఉన్న బండి. రీమ్యాప్, అంటే ఈసీయూ ప్రోగ్రామ్ బయట మార్పించడం, చేయించారా అని పాత ఓనర్‌ని సూటిగా అడుగు. పికప్ కోసం బయట ట్యూనర్ దగ్గర ఈసీయూ ఫైల్ మార్పించడం అక్కడ మామూలే. అలా మార్పించి ఉంటే కంపెనీ అప్‌డేట్ ఎక్కించగానే ఆ ట్యూన్ పోతుంది, పోతే పోనీ, మంచిదే. ప్రమాదం తర్వాత వస్తుంది. పికప్ తగ్గిందని మళ్లీ ట్యూనర్ దగ్గరికి వెళ్తే, వాడు దాచుకున్న పాత ఫైలే మళ్లీ ఎక్కిస్తాడు, ఆ పాత ఫైల్ లోపలే ఈ లోపం ఉంది. అంటే రీకాల్ అయిపోయిందని కాగితం ఉంటుంది, లోపం మాత్రం బండిలోనే ఉంటుంది. ఒకాయన ఇలాగే చేసుకుని రెండోసారి రోడ్డు మధ్యలో ఆగాక నా దగ్గరికొచ్చాడు, ఏ వెర్షన్ ఉందా అని చదివి చూస్తే రీకాల్‌కి ముందుదే. కాబట్టి రీమ్యాప్ ఉంటే దాచకుండా సర్వీస్ సెంటర్‌కి చెప్పు, వాళ్లు నాలుగు మాటలన్నా పర్వాలేదు.

ఇంటర్నెట్‌లో, టెలిగ్రామ్‌లో "ఒరిజినల్ రీకాల్ ఫైల్" అని దొరుకుతుంటాయి, మూడు నాలుగు వేలకి ఇంటికొచ్చి ఎక్కిస్తామని కూడా అంటారు. దగ్గరికి రానివ్వకు. 2015లో అమెరికాలో ఇద్దరు నిపుణులు ఇంట్లో కూర్చుని హైవే మీద పోతున్న జీప్ చెరోకీని ఇంటర్నెట్ ద్వారానే కంట్రోల్ చేసి చూపిస్తే, ఫియట్ క్రైస్లర్ 14 లక్షల బళ్లు రీకాల్ చెయ్యాల్సి వచ్చింది, డాడ్జ్ వైపర్ కూడా ఆ లిస్టులో ఉంది. బండి సాఫ్ట్‌వేర్‌లోకి ఎవడిని పడితే వాడిని వెళ్లనిస్తే ఏమవుతుందో అప్పుడే తేలిపోయింది.

సర్వీస్ సెంటర్‌లో పని జరిగేటప్పుడు వీలైతే నువ్వే దగ్గరుండు. అప్‌డేట్ ఎక్కేటప్పుడు బ్యాటరీకి పవర్ సప్లై యూనిట్ తగిలించారా లేదా చూడు, మామూలు చార్జర్ కాదు, వోల్టేజ్ 13 పైన నిలకడగా పట్టి ఉంచేది. ఎందుకింతగా చెప్తున్నానంటే, మన ఊళ్లోనే ఒక పెద్ద వర్క్‌షాప్‌లో నా కళ్ల ముందు జరిగింది, మే నెల, మధ్యాహ్నం, ఒక కుర్రాడు "పావుగంట పనే కదా" అని సప్లై పెట్టకుండా మొదలుపెట్టాడు, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంది, ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ మీద 71 శాతం దగ్గర ఆగిపోయింది. బ్యాటరీ పడిపోయింది. సగం పాత ప్రోగ్రామ్, సగం కొత్తది, ఈసీయూ ఇంక పలకలేదు. కొత్త ఈసీయూ వచ్చి, తాళాలతో జత చేసి, బండి బయటికి రావడానికి ఐదు వారాలు పట్టింది. ఆ కుర్రాడిని అందరూ తిట్టారు, నిజానికి వాడికి నేర్పించనివాళ్లదే తప్పు. అందుకే మొహమాటపడకు, "సప్లై యూనిట్ పెట్టారా అండీ" అని అడిగెయ్, మంచి టెక్నీషియన్ అయితే సంతోషిస్తాడు.

మన దగ్గర సముద్రపు గాలి కాబట్టి బ్యాటరీ టెర్మినల్స్, ఎర్త్ వైర్లు తొందరగా పచ్చపట్టిపోతాయి, ముందే శుభ్రం చేయించు.

పని అయ్యాక జాబ్ కార్డ్ (చేసిన పని రాసి సర్వీస్ సెంటర్ ఇచ్చే కాగితం) మీద మూడు ఉండాలి. రీకాల్ క్యాంపెయిన్ నంబర్, అప్‌డేట్‌కి ముందు ఉన్న సాఫ్ట్‌వేర్ వెర్షన్, తర్వాత ఉన్న వెర్షన్. "జనరల్ చెకప్ డన్, సాఫ్ట్‌వేర్ ఓకే" అని రాసి ఇస్తే తీసుకోకు. ముందు నంబర్, తర్వాత నంబర్ వేరేగా ఉన్నాయంటేనే పని జరిగినట్టు. మొదటి రెండు మూడు రోజులు గేర్లు కొంచెం వేరేగా పడుతున్నట్టు, ఐడిల్ కాస్త ఎక్కువున్నట్టు అనిపించొచ్చు, గేర్‌బాక్స్ మళ్లీ నేర్చుకుంటుంది, కంగారుపడకు. వారం దాటినా అలాగే ఉంటే మాత్రం వెనక్కి చూపించు.

అప్పటిదాకా బండి కదపకపోతేనే మేలు. తప్పనిసరై తియ్యాల్సి వస్తే ఊళ్లో, పగటిపూట, ఒక్కడివే. ఘాట్ రోడ్లు వద్దు, సింహాచలం కొండ కూడా వద్దు, హనుమంతవాక జంక్షన్‌లో లారీల ముందు ఇరుక్కోకు. ముందు బండికి బాగా దూరం ఉంచు. పరుగులో ఇంజిన్ ఆగిపోతే బ్రేక్ పంపింగ్ చెయ్యొద్దు, ఒక్కసారి గట్టిగా తొక్కి పట్టుకో, హజార్డ్ లైట్లు వేసి ఎడమకి తీసుకో, ఇగ్నిషన్ ఆపెయ్యకు, స్టీరింగ్ బరువెక్కినా తిరుగుతుంది, బలంగా తిప్పు. పూర్తిగా ఆగాక పార్క్‌లో పెట్టి అప్పుడు స్టార్ట్ చెయ్. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న చాలా బళ్లలో ఆ స్విచ్ లాగి పట్టుకుంటే నడుస్తుండగా కూడా ఆపుతుంది, నీ బండిలో ఎలాగో ఈ రాత్రికే మాన్యువల్ తీసి చదువు. ఒకసారి ఆగిందంటే మాత్రం మళ్లీ స్టార్ట్ అయింది కదా అని నడుపుకుంటూ ఇంటికి రాకు, రికవరీ వ్యాన్ పిలువు.

నాన్నగారి అరకు ప్రయాణం ఆపొద్దు. పొద్దున్నే కిరండూల్ రైలు ఉంది కదా, విస్టాడోమ్ కోచ్‌లో (పెద్ద అద్దాల బోగీలో) టికెట్లు చూడు, దొరక్కపోతే మామూలు బోగీలోనే కిటికీ పక్కన కూర్చోబెట్టు, ఆ సొరంగాలు, బొర్రా దగ్గర లోయ ఆయన హాయిగా చూస్తారు, నువ్వు కూడా రోడ్డు మీద కళ్లు పెట్టక్కర్లేకుండా చూస్తావు. హైదరాబాద్ నుంచి జాబ్ కార్డ్ వచ్చాక చాసిస్ నంబర్ కనపడకుండా ఫోటో తీసి పెట్టు, వెర్షన్ నంబర్లు నేను చూసి చెప్తాను.